కారణం రాయని కాగితం

2011 ఆగస్టు పదో తేదీ బుధవారం పొద్దున, బతికే ఉన్న నా మొగుడి చావుకి పరామర్శ చెప్పడానికి ఊరు ఊరంతా మా మేడ మెట్లెక్కి వచ్చింది. తలుపు తీసింది ఆయనే. నిక్కరు మీద ఉన్నాడు.

గ్రీసులో మాదొక చిన్న దీవి, అక్కడి నుంచి పెద్ద దీవి నాక్సోస్‌కి పడవలో గంటన్నర. రేవుకి కొంచెం అవతల ఇసుక ఒడ్డు ఉంది. ఒడ్డు మీద రెండు హోటళ్లు. ఒకటి మాది, దాని మేడ మీదే మా ఇల్లు. రెండోది సరాందిస్‌ది. మధ్యలో మూడు పూలకుండీలు. ఇటు కుర్చీ కుండీలు దాటి అటు వెళ్లకూడదు, అటుది ఇటు రాకూడదు. ఒక వేసవిలో గాలివాన వచ్చిన మర్నాడు మధ్య కుండీ మా వైపుకి జరిగి ఉంది. గాలి జరిపిందని సరాందిస్ అన్నాడు. గాలికి చేతులుండవని నా మొగుడు యాకూమిస్ అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అప్పుడు మా అమ్మాయి అంథి బడికి వెళ్తోంది. ఇప్పుడు ఏథెన్సు రేవు పిరేయస్‌లో ఉద్యోగం చేసుకుంటోంది.

ఆ 2011లోనే ఈస్టరుకి ముందు యాకూమిస్‌కి ఏథెన్సులో గుండె ఆపరేషన్ అయింది. రొమ్ము ఎముక కోసి తెరిచారు, కాలిలోంచి రక్తనాళం తీసి గుండెకి వేశారు, ఎముకని తీగతో కట్టి మూశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్క మాటే చెప్పాడు. ఈ వేసవిలో పని చెయ్యకూడదు, బరువు ఎత్తకూడదు. ఏదైనా దీవికి వెళ్లి సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి.

"మీకు వెళ్లడానికి దీవి ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"ఉందండీ. ఈ జబ్బు వచ్చింది అక్కడే," అన్నాడు యాకూమిస్.

జూన్ మొదట్లో ఆయన హోటలు తెరిచాడు. నేను వద్దన్నాను. కూర్చుని చూస్తుంటానన్నాడు. మొదటి వారం కూర్చున్నాడు. రెండో వారం లేచి బొగ్గుల పొయ్యి దగ్గర నిలబడ్డాడు. జూలైకల్లా బీరు డబ్బాల పెట్టెలు మోస్తున్నాడు. నేను చూసినప్పుడు కింద పెట్టేసేవాడు.

మా పెళ్లయింది సెప్టెంబరులో. అప్పటి నుంచి ఒక్క ఆగస్టులో కూడా మేమిద్దరం కలిసి సముద్రంలో దిగలేదు. నీళ్లు మా బల్లలకి పది అంగల్లో ఉంటాయి. హోటలు ఉన్నవాళ్లెవరూ ఆగస్టులో దిగరు. ఏథెన్సు వాళ్లు, ఇటలీ వాళ్లు, పడవల మీద తిరిగేవాళ్లు మా ముందు పొద్దస్తమానం తేలుతూ ఉంటారు. మేం చేపలు శుభ్రం చేస్తూ ఉంటాం.

జూలై ఆఖర్లో ఒక మధ్యాహ్నం హోటలు మూసేద్దామని అడిగాను. ఆయన ఆక్టోపస్‌ని తాడు మీద ఆరేస్తున్నాడు. తిరిగి చూడలేదు.

"ఆగస్టులో ఎవరైనా మూస్తారా?"

"మనం మూద్దాం."

"ఏమని రాస్తావ్ తలుపు మీద?"

మా ఊళ్లో తలుపు మూస్తే కాగితం అతికిస్తారు, కాగితం మీద కారణం రాస్తారు. ఆలివ్ కాయలు కోస్తున్నాం అనో, పిరేయస్‌లో పెళ్లి ఉంది అనో, మేక ఈనింది అనో రాస్తారు. కారణం రాయకపోతే దారిన పోయే ప్రతివాడూ ఆగి అడుగుతాడు. కానీ ఆ కారణాలన్నీ చలికాలానివి. ఆగస్టులో ఒకే ఒక్క కారణానికి మూస్తారు. సరాందిస్ తండ్రి పోయినప్పుడు వాళ్లు అలాగే మూశారు. "మృతి కారణంగా" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద పోయినవాళ్ల పేరు రాస్తారు.

"నేను పోయాక మూసెయ్," అన్నాడు యాకూమిస్. "అప్పుడు నిన్నెవరూ ఏమీ అనరు."

ఆగస్టు తొమ్మిది సాయంత్రం బల్లలన్నీ నిండి ఉన్నాయి. నేను వంటింట్లో ఉన్నాను. పెట్టె కింద పడ్డ చప్పుడు వినబడి బయటికి వచ్చేసరికి ఆయన ఒక చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. ముఖం పిండి రంగుకి మారింది.

నేను కేక వెయ్యలేదు. వేద్దామనుకునేలోపే సరాందిస్ కుండీలు దాటి వచ్చేశాడు. భుజాన ఇంకా తువ్వాలు ఉంది. చంకల కింద చేతులు వేసి లేపి, తన ట్రక్కు ముందు సీట్లో కూర్చోబెట్టి, రేవుకి తీసుకెళ్లాడు. రేవు పోలీసుల పడవ మమ్మల్ని నాక్సోస్ చేర్చింది. పడవ కదిలేటప్పుడు సరాందిస్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

నాక్సోస్ డాక్టరమ్మ వయసులో చిన్నది. పరీక్షలన్నీ చేసి, గుండె బాగానే ఉందని చెప్పింది. నొప్పి గుండెది కాదు. తీగతో కట్టిన ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోలేదు. బరువులు ఎత్తడం వల్ల కదిలింది.

"ఈసారికి ఎముకే," అంది. "ఇలాగే మోస్తూ ఉంటే మళ్లీ కోసి కట్టాలి. రెండోసారి కొయ్యడం మొదటిసారిలా ఉండదు."

యాకూమిస్ బుద్ధిగా తల ఊపాడు.

మా పెదనాన్న కొడుకు చేపలు అమ్మడానికి నాక్సోస్ వచ్చి ఉన్నాడు. తెల్లవారుజామున అతని పడవలోనే వెనక్కి వచ్చాం. నా ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. ఆయన ఫోను హోటల్లోనే ఉండిపోయింది. దారంతా యాకూమిస్ మధ్యాహ్నానికి ఏ చేపలు సరిపోతాయో, కట్టెబొగ్గు ఎంత ఉందో చెబుతున్నాడు. నేను వింటూ కూర్చున్నాను. మా అన్న మమ్మల్ని ఇంటి వెనక రాళ్ల దగ్గర దింపి, అటు నుంచి అటే వలలు తియ్యడానికి వెళ్లిపోయాడు. మేం రావడం ఎవరూ చూడలేదు.

మేడ మీదకి రాగానే ఆయన నిద్రపోయాడు. నేను కిందికి దిగి కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి తాడు కట్టాను. బల్లల మీద పరిచే కాగితం చుట్ట నుంచి ఒక ముక్క చించి, వంటింటి మార్కరుతో "మూశాం" అని రాశాను. కారణం కోసం చాలాసేపు ఆలోచించాను. విశ్రాంతి అని రాస్తే ఊరు నవ్వుతుంది. జబ్బు అని రాస్తే ఆయన చింపేస్తాడు. ఏమీ రాయకుండానే అతికించి, పైకెళ్లి, కిటికీ తలుపులు మూసుకుని పడుకున్నాను.

తర్వాత జరిగింది అందరి దగ్గరా అడిగి తెలుసుకున్నాను. రొట్టెల బండివాడు మామూలు వేళకి వచ్చి కాగితం చూశాడు. వెళ్లి కలియోపి పిన్నికి చెప్పాడు. కలియోపి యాకూమిస్ తల్లికి చెల్లెలు. దీవిలో ఏ కబురైనా ముందు ఆవిడ చేతిలో పడాలి. రాత్రి గుండె పట్టుకుని వెళ్లినవాడు, పొద్దున మూసిన తలుపు, కారణం రాయడానికి కూడా చెయ్యి రాని కాగితం. ఆవిడకి అంతకన్నా ఏం కావాలి? ముందు పిరేయస్‌కి, మా అంథికి ఫోను చేసింది. తర్వాత చర్చికి వెళ్లింది. ఫాదర్ లెఫ్తెరిస్ నాకు ఫోను చేశాడు. అది మోగలేదు. ఆయన గంట కొట్టించాడు.

ఆ గంటకే మాకు మెలకువ వచ్చింది. ఒక దెబ్బ, చాలాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఒక దెబ్బ. యాకూమిస్ మంచం మీద లేచి కూర్చుని సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఎవరో పోయారే," అన్నాడు. "దేవుడు క్షమించాలి."

ఎవరై ఉంటారని ఇద్దరం ఆలోచించాం. ఊళ్లో ఎనభై దాటినవాళ్లని ఒక్కొక్కరినే లెక్కలోకి తీసుకున్నాడు.

"కలియోపి పిన్నే అయ్యుంటుంది. పాపం, నోరు తప్ప మంచి మనిషి. ఆ నల్ల చొక్కా తియ్యి. వెళ్లి కనబడి వద్దాం."

పిన్ని ఇల్లున్న గుట్ట ఎండలో ఎక్కనివ్వనన్నాను. సొంత పిన్ని చావుకి వెళ్లకపోతే ఊరు ఏమంటుందన్నాడు. ఇంకా వాదించుకుంటూ ఉండగానే మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. చాలా అడుగులు. ఆయన వెళ్లి తలుపు తీశాడు.

ముందు నిలబడింది కలియోపి పిన్ని. నల్ల తలగుడ్డ గడ్డం దాకా కట్టుకుని ఉంది.

"పిన్నీ," అన్నాడు యాకూమిస్. "నువ్వు పోలేదా?"

ఆవిడ పై మెట్టు మీద కూర్చుండిపోయింది. ఊపిరి తీసుకుంది.

"నేనెందుకు పోతాన్రా? పోయింది నువ్వు."

ఆవిడ వెనక ఫాదర్ లెఫ్తెరిస్, ఆయన వెనక మెట్లు పొడుగునా జనం. చేతుల్లో బ్రాందీ సీసాలు, రస్కుల సంచులు, కాఫీ పొట్లాలు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. కింద మెట్టు మీద ఒకాయన విషయం తెలియక, పరామర్శలో చెప్పే మాట గట్టిగా అనేశాడు. "మీకు ఆయుష్షు కలగాలి." యాకూమిస్ "నీక్కూడా" అన్నాడు.

చావింటికి తెచ్చినదాన్ని మా దగ్గర వెనక్కి తీసుకెళ్లరు. తీసుకెళ్తే చావు ఆ చేతులతో పాటు వాళ్లింటికి వస్తుందంటారు. అందువల్ల అందరూ లోపలికి వచ్చారు. నేను పొయ్యి వెలిగించి కాఫీ పెట్టాను. చక్కెర వెయ్యాలా వద్దా అని ఒకావిడ అడిగింది, చావు కాఫీలో చక్కెర ఉండదు కాబట్టి. వెయ్యమని ఫాదర్ తీర్పు చెప్పాడు.

చివర్లో సరాందిస్ భార్య మోస్కూలా వచ్చింది. రెండు చేతులతో చేపల సూపు గిన్నె పట్టుకుని ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు వండరు, పక్కింటివాళ్లు సూపు చేసి తెస్తారు. గుమ్మంలో యాకూమిస్‌ని చూసి గిన్నె వదిలెయ్యబోతే ఫాదర్ పట్టుకున్నాడు. ఆ సూపుని యాకూమిస్ ఏళ్ల తరబడి పడవ కడిగిన నీళ్లనేవాడు, వచ్చే పోయే వాళ్లందరికీ వినబడేలా. ఇప్పుడు అందరి ముందూ గిన్నెలో వేసుకుని తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"ఏడుస్తూ వండాను అన్నయ్యా."

"ఏడుస్తూ వండితే ఇంకాస్త ఉప్పగా ఉండాలే."

మోస్కూలా ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆయన రెండోసారి వేసుకున్నాడు. సరాందిస్ రాలేదేమని ఎవరూ అడగలేదు. మాటల్లేనివాడు రాడని అందరికీ తెలుసు.

యాకూమిస్ గిన్నెతోనే వసారాలోకి వెళ్లి కిందికి చూశాడు. చాలాసేపు రాకపోతే నేను వెనకాలే వెళ్లాను. కింద సరాందిస్ హోటలు మూసి ఉంది. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి. తలుపు మీద కాగితం. "మృతి కారణంగా" అని, కింద నా మొగుడి పేరు. ఆగస్టు నెల, మధ్యాహ్నం భోజనాల వేళ. తడి బట్టలతో ఒక కుటుంబం మా తలుపు దగ్గర నిలబడి చూసి, వాళ్ల తలుపు దగ్గరికి వెళ్లి చూసి, మళ్లీ మా తలుపు దగ్గరికి వచ్చింది. సరాందిస్ ఒక్కడే ఒక కుర్చీ దించుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"సరాందిస్," అని పిలిచాడు యాకూమిస్. "ఆ కాగితం పీకెయ్. బేరం పోతోంది."

సరాందిస్ వెనక్కి తిరిగి పైకి చూశాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. 

"ఇవాళ్టికి మూశాను," అన్నాడు. "మూసింది మూసిందే."

కుర్చీ మళ్లీ సముద్రం వైపు తిప్పుకున్నాడు.

లోపల నా ఫోనుకి ఛార్జింగ్ ఎక్కుతోంది. అప్పటికి కలియోపి పిన్ని మూడో బ్రాందీ తాగుతోంది. అంథికి కబురు వెళ్లిందా అని ఎవరో అడిగితే, అందరికన్నా ముందు తనే చెప్పానని ఒప్పుకుంది. నేను ఫోను తీసి చేశాను. మోగలేదు. పిరేయస్ ఓడ పొద్దున్నే బయల్దేరుతుంది. అది నడిసముద్రంలో ఉన్నంతసేపూ ఫోన్లు కలవవు. నా కూతురు ఆ ఓడలో ఎక్కడో కూర్చుని తండ్రిని పూడ్చడానికి వస్తోంది. రేవు చేరేదాకా అంథి అలాగే రావాలి. ఎవరం ఏమీ చెయ్యలేం. కలియోపి పిన్ని గ్లాసు కింద పెట్టేసింది.

సరాందిస్ ట్రక్కులో రేవుకి వెళ్లాం. యాకూమిస్ బట్టలు మార్చుకోనన్నాడు. నల్ల చొక్కాతో కనిపిస్తే ఇంకేదో అనుకుంటుందన్నాడు. నిక్కరుతోనే గట్టు చివర, ఓడ తలుపు తెరుచుకునే చోట నిలబడ్డాడు. ఎండలో నిలబడొద్దని నేను అనలేదు.

ఓడ వచ్చి వెనక తలుపు దించింది. సంచులతో జనం దిగారు. వాళ్ల మధ్యలో అంథి నల్ల గౌను వేసుకుని, బ్యాగు పట్టుకుని వస్తోంది. తల వంచుకుని నడుస్తోంది. తల ఎత్తి ఆయన్ని చూసి ఆగిపోయింది. వెనకవాళ్లు తగులుతూ పక్కకి తప్పుకుని వెళ్లారు. ఓడ మనిషి దారి వదలమని అరిచాడు.

యాకూమిస్ ముందుకి నడిచి, అలవాటుగా, దాని చేతిలోంచి బ్యాగు అందుకున్నాడు. అంథి వదల్లేదు. బ్యాగు ఇద్దరి చేతుల మధ్యా ఉంది.

"బరువు ఎత్తకూడదన్నారు కద నాన్నా," అంది.

ఆయన చెయ్యి తీసేశాడు. అది బ్యాగు మోసుకుంటూ ట్రక్కు దాకా నడిచింది. ఆయన పక్కనే ఖాళీ చేతులతో నడిచాడు. నేను వాళ్ల వెనక నడిచాను. సరాందిస్ అద్దం తుడుస్తున్నాడు, తుడవాల్సిందేమీ లేకపోయినా.

ఇంటికి రాగానే యాకూమిస్ మా తలుపు ముందు ఆగాడు. కాగితం ఒక మూల ఊడి వేలాడుతోంది. బొటనవేలితో నొక్కి అతికించాడు.

"అలాగే ఉండనీ," అన్నాడు.

ఊరికే ఉండడం ఆయనకి వెంటనే రాలేదు. మొదట్లో వసారాలో కూర్చుని కింద బల్లలకి ఎవరెవరు వచ్చారో చెప్పేవాడు. మేరీమాత పండుగకి జనం ఎక్కువై సరాందిస్‌కి కుర్చీలు చాలలేదు. అడగడానికి మోస్కూలాని పంపాడు. కుర్చీలు, బల్లలు, బొగ్గుల పొయ్యి అన్నీ తీసుకోమన్నాడు యాకూమిస్. అంథి, మోస్కూలా కలిసి మోశారు. కుండీలు అడ్డం వస్తుంటే అంథి వాటిని తీసి మెట్ల మీద పెట్టింది. ఎవరి అనుమతీ అడగలేదు.

ఆ రోజు మేం సరాందిస్ దగ్గర భోజనానికి కూర్చున్నాం. యాకూమిస్ మూడుసార్లు లేచి పక్క బల్ల మీద ఖాళీ ప్లేట్లు తియ్యబోయాడు. మూడోసారి సరాందిస్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"చచ్చినవాడివి నువ్వు. ఊరంతా చూసింది. కూర్చో."

మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్లు వేసవి సాయంత్రాలు సముద్రంలోనే గడుపుతారు. టోపీలు పెట్టుకుని, మెడ దాకా నీళ్లలో గుండ్రంగా నిలబడి, ఊళ్లో విషయాలన్నీ అక్కడే తేలుస్తారు. ఈత కొట్టరు. పండుగ వెళ్లిన మర్నాడు కలియోపి పిన్ని ఆ గుంపులోంచి యాకూమిస్‌ని కేకేసి పిలిచింది. ఆయన చొక్కా విప్పడానికి సందేహించాడు. గొంతు కింద నుంచి బొడ్డు పైదాకా కోత కనబడుతుంది. చివరికి విప్పి దిగాడు. టోపీలు పక్కకి జరిగి చోటిచ్చాయి. కలియోపి పిన్ని దగ్గరికి వచ్చి కోతని చూసింది.

"కుట్టు బాగానే వేశారు," అంది. "నా గౌను కుట్టినదాని కంటే నయం."

అని నన్ను కూడా పిలిచింది. వంటింట్లో పనుందని చెప్పబోయాను. వంటిల్లు మూసి ఉందని గుర్తొచ్చింది. వెళ్లాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. యాకూమిస్ వెల్లకిలా పడుకుని తేలుతున్నాడు. చెవులు నీళ్లలో ఉన్నాయి కాబట్టి ఎవరు పిలిచినా వినబడదు. నేను పిలవలేదు.

ఆ తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. పొద్దున ఒకసారి నీళ్లు, భోజనం, కిటికీలు మూసుకుని నిద్ర, సాయంత్రం మళ్లీ నీళ్లు. మొదట్లో మధ్యాహ్నాలు నేను నిద్రపోయేదాన్ని కాదు. పక్కన కూర్చుని ఆయన ఊపిరి వినేదాన్ని. నెలాఖరుకి ఒక రోజు లేచేసరికి ఎండ దిగిపోయి ఉంది. అంథి కాఫీ పట్టుకుని నిలబడి, ఇద్దరూ గురక పెట్టారని చెప్పింది. సెలవు అయిపోయి అది పిరేయస్ వెళ్లిపోయేటప్పుడు బ్యాగు తనే మోసుకుంది.

సెప్టెంబరు పధ్నాలుగున సిలువ పండుగ. ముసలివాళ్లు ఆ రోజుతో సముద్ర స్నానాలు ముగిస్తారు. యాకూమిస్ కూడా వాళ్లతో పాటు ముగించాడు. తర్వాతి వారం నాక్సోస్ వెళ్లాం. ఎముక అతుక్కుందని డాక్టరమ్మ చెప్పింది. ఏం చేశారని అడిగింది. ఏమీ చెయ్యలేదన్నాడు.

మరుసటి వేసవిలో హోటలు తెరిచాం. పెట్టెలు మొయ్యడానికి మనిషిని పెట్టుకున్నాం. కుండీలు మెట్ల మీదే ఉన్నాయి. ఆగస్టు పదో తేదీ మధ్యాహ్నం కుర్చీలు బోర్లించి, కాగితం ముక్క చించి, మార్కరు తీశాను. యాకూమిస్ పక్కనే నిలబడి రాయించాడు. "మూశాం. ఇద్దరం నీళ్లలో ఉన్నాం" అని రాసి అతికించాను.

సరాందిస్ కాగితం దగ్గరికి వచ్చి చదివి వెళ్లాడు. కలియోపి పిన్ని కూడా వచ్చి చదివింది. గంట మోగలేదు.